వంద కిలోల నాణ్యత

దిల్‌సుఖ్‌నగర్ దాటితే ఇళ్లకన్నా ప్లాట్ల హద్దురాళ్లే ఎక్కువగా కనిపించే ఆ రోజుల్లో, మా కార్ఖానాలో నాణ్యతా విభాగం బరువు సుమారు వంద కిలోలు. ఆయనే మా యజమాని. అందరూ పటేల్ అనేవారు. సొంత పొలం కాలనీ అయిపోయాక, ఎల్‌బీ నగర్ దగ్గర మిగిలిన ముక్కలో మొజాయిక్ టైల్స్ షెడ్డు వేశాడు. టైల్ గట్టిదేనా అని ఎవరైనా అడిగితే, దాన్ని రెండు ఇటుకల మీద వంతెనలా పెట్టి, చెప్పులు విడిచి, పైకెక్కి నిలబడేవాడు. "ఇగ సూస్కో" అనేవాడు. టైల్ విరిగేది కాదు, బేరం కుదిరేది. (కాగితం అడిగినవాణ్ణి నేను చూడలేదు.)

ఇంతలో ఒక పెద్ద కంపెనీ తన ఉద్యోగుల క్వార్టర్స్‌కు టైల్స్ కావాలంది. అయితే ప్రతి లోడుతోనూ 'స్వయంగా పరీక్షించాను' అని సైన్సు పట్టభద్రుడు సంతకం చేసిన కాగితం రావాలట. అలా దొరికినవాణ్ణి నేను. నా బీయస్సీ వృక్షశాస్త్రంలో. ఎవరూ అడగలేదు, నేనూ ఆ సంగతి చెప్పి ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు.

మొదటి లోడుకే తొందర వచ్చింది. సిమెంటు గట్టిపడ్డానికి రెండు వారాలు తొట్టి నీళ్లలో నానాల్సిన టైల్స్‌ని పటేల్ ఐదో రోజే బయటికి తీయించాడు. "ఇంకా పచ్చిగా ఉన్నాయేమోనండీ" అన్నాను. "ఏయ్ బీయస్సీ, నీకేంది పరేషాన్? రేపు కంపెనీ ఇంజనీరొస్తుండు. సంతకం జెయ్." చెయ్యకపోతే ఉద్యోగం పోతుంది, కిరాయి గది ఖాళీ చేసి మా ఊరు గుడివాడ బస్సెక్కాలి. చేద్దామంటే 'స్వయంగా' అన్న మాట అడ్డొచ్చింది. అందరూ అన్నానికి వెళ్లాక ఒక టైల్ ఇటుకల మీద పెట్టి, కళ్లు మూసుకుని ఎక్కాను. విరగలేదు. (అప్పట్లో నా బరువు నలభై ఎనిమిది కిలోలు.) సంతకం పెట్టాను.

మర్నాడు జీపు దిగిన ఇంజనీరు "పరీక్షించింది ఎవరు?" అన్నాడు. "నేనేనండి" అని ఎవరో అన్నారు. గొంతు నాదే. ఎలా అని అడుగుతాడని గుడ్లప్పగించి చూస్తున్నాను. అడగలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "సంతకం ఉందిగా, లోడ్ చేయించండి" అన్నాడు. అసలు భయం అప్పుడు పట్టుకుంది. అంతవరకు దొరికిపోతానేమోనని భయం, ఇప్పుడు దొరకనేమోనని. పగిలిన టైల్ తట్టుకుని ఎవరింటి ముసలమ్మో పడిపోతున్నట్టు, ఆవిడ చేతిలో నా సంతకం ఉన్నట్టు కళ్లకు కట్టింది.

"సార్, మా పటేల్ గారు ఒకసారి ఎక్కి చూపిస్తారండి. ఇక్కడ అలవాటు" అనేశాను.

పటేల్ నన్ను చూసిన చూపుకి నా వృక్షశాస్త్రం ఎండిపోయింది. కానీ ఎక్కనని ఆయన ఏనాడూ ఎవరితోనూ అనలేదు. చెప్పులు విడిచాడు. ఎక్కాడు. టప్పుమంది. రెండు ముక్కల మధ్య, కాస్త పొట్టిగా, అంతే హుందాగా నిలబడ్డాడు.

ఇంజనీరు నా కాగితం నాకే ఇచ్చేశాడు. "ఇంకో పది రోజులు నానబెట్టండి. ఆ తర్వాత ముందు ఆయన ఎక్కాలి, తర్వాత నువ్వు సంతకం పెట్టాలి."

జీపు వెళ్లగానే టిఫిన్ డబ్బా సర్దుకున్నాను.

"యాడికి?"

"ఊరికండి."

"కూసో. ఇజ్జత్ అయితే తీసినవ్. నువ్వు పోతే గా ఇంజనీరుకు నేనేం జెప్పాలె? పో, తొట్లె నీళ్లున్నయో లేవో సూడు."

ఇప్పుడు నేను పెద్ద ఆఫీసులో కూర్చుని, ఏ ఊళ్లో ఉందో తెలియని సరుకు మీద రోజుకు ముప్ఫై సంతకాలు పెడుతుంటాను. భయం వెయ్యడం మానేసి చాలా కాలమైంది. దాన్ని అనుభవం అంటారని మావాళ్లు చెబుతారు. అంత భయపడే కుర్రాడు ఇవాళ ఇంటర్వ్యూకి వస్తే ఉద్యోగం ఇస్తానో లేదో చెప్పలేను. పక్కన కూర్చోబెట్టుకుని టీ మాత్రం ఇప్పిస్తాను.