మా అక్క పదవి, డొమింగో గొర్రెలు

మా అక్క ఆర్డిత్ వయోమింగ్ రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జి. రాజధాని షయాన్‌లో, కోర్టు హాల్లో ఆమె అడుగుపెడితే అందరూ లేచి నిలబడతారు. సెలవులకు మా ఊరొస్తే మాత్రం, నా హోటల్లో కాఫీ అయిపోయినవాళ్లు ఆమెనే పోయమంటారు. పోస్తుంది కూడా.

ఈ హోటల్ మొదట మా అమ్మది. పొయ్యి పక్కన కూర్చుని చదువుకున్న అక్క, లారమీలో లా పూర్తిచేసి మా ఊళ్లోనే ఇనుప సామాన్ల కొట్టు మేడ మీద లాయరు బోర్డు కట్టింది. కంచె తగాదాలూ విడాకులూ చూసి చూసి జిల్లా జడ్జి అయింది, ఆ తర్వాత పై కోర్టుకు వెళ్లింది. అక్కడ లాయర్లు గంటలకొద్దీ వాదించినా ఓపిగ్గా వింటుందట. ఇంట్లో నన్ను ఒక్క మాట పూర్తి చెయ్యనివ్వదు.

చిక్కంతా డొమింగో గొర్రెలతో వచ్చింది. డొమింగో వాళ్ల ఎచెగరాయ్ కుటుంబం మంద ఏటా వేసవికి కొండెక్కేది, మంచు పడకముందే దిగేది మా పెద్ద వీధి గుండానే. మేయరు వెర్లా ఆ వీధి పొడవునా పూల తొట్లు పెట్టించి, గొర్రెలు రాకూడదని నిషేధించింది. డొమింగో కోర్టుకెక్కితే, పాత చట్టం ప్రకారం ఆ దారి మందదేనని పై కోర్టు తేల్చింది. తీర్పు రాసింది మా అక్క. గొర్రెలు వచ్చాయి, పూలు మేశాయి, ఊరంతా అక్క మీద కారాలు మిరియాలు నూరింది.

మా దగ్గర జడ్జిని కొనసాగించాలా అని కొన్నేళ్లకోసారి జనాన్నే అడుగుతారు. 'అవును', 'కాదు' అని ఓటు వేస్తారు. ఆ నవంబరులో అక్క వంతు. పదవి ఊడుతుందేమోనని నాకు తిండి సహించలేదు. తనేమో ఓటడగడం జడ్జికి తగదని భీష్మించుకు కూర్చుంది.

డొమింగో ఊరుకుంటాడా? మందను దింపేముందు ప్రతి గొర్రెకూ ఎడమ పక్క నీలి రంగుతో పెద్దగా 'అవును' అని రాయించాడు. ఊరి చివర అది చూసి అక్క ముఖం మాడిపోయింది.

"ఇలా తీసుకెళ్తే నీకోసమే తీర్పిచ్చానంటారు డొమింగో."

"అయితే ఆపు జడ్జమ్మా. నన్నెవరూ ఆపకూడదని రాసింది నువ్వేగా."



అక్క రంగు డబ్బా ఇమ్మంది. కుడి పక్కన 'కాదు' అని రాస్తే లెక్క సరిపోతుందంది. చచ్చినా రాయనని డొమింగో చేతులు కట్టుకున్నాడు. అక్క కోటు విప్పి నా చేతిలో పడేసి, కుంచె పట్టుకుని మొదటి గొర్రె మీద తనకు వ్యతిరేకంగా తనే రాసుకుంది. నాకు ఒళ్లు మండింది. కాపరులు జాలిపడి గొర్రెలను పట్టుకున్నారు. చివరికి డొమింగో కూడా తిట్టుకుంటూ ఒక కుంచె అందుకున్నాడు.

ఆ మధ్యాహ్నం మంద ఊళ్లోకి వచ్చింది. వీధికి ఒక పక్క నిలబడ్డవాళ్లకు 'అవును', అటు పక్కవాళ్లకు 'కాదు' కనిపించింది. జనం నవ్వుకుంటూ వీధి ఇటూ అటూ దాటారు. నీలి చేతులతో వెనకే వస్తున్న అక్కను వెర్లా చామంతి తొట్టి పక్కన నిలబడి కళ్లార్పకుండా చూసింది. తొట్టి ఖాళీ అవుతున్నా పట్టించుకోలేదు.

ఓట్లు లెక్కించిన మర్నాడు అక్క నా హోటల్లోనే ఉంది. రాష్ట్రం ఆమెను ఉంచుకుంది. మా ఊరు కూడా. వెర్లా వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నీ తీర్పు ఇప్పటికీ తప్పే," అంది. "అయినా ఆ రోజు నీ నీలి చేతులు చూశాక 'అవును' అనే వేశాను. రేపు నేను కోర్టుకెక్కితే, అవతల ఎవరున్నా సరే, నువ్వే వినాలి."

మా అక్క ఏడవడం నేనెరగను. ఆ పొద్దున ఏడ్చింది. వెర్లాకు కాఫీ నేనే పోశాను.