పగులు పడితే పట్టు పోతది

మంగళవారం పొద్దున కరీంనగర్ ఆస్పత్రి నుంచి ఆయన బిడ్డ ఫోన్ చేసింది. "సార్, బాపు పోయిండు" అంది. పోయింది మా పక్కింటాయన. మందమర్రి కార్మికుల కాలనీలో ఇరవై రెండేళ్లు మా రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. ఊపిరితిత్తులు చెడి నెల రోజులుగా ఆక్సిజన్ మీద ఉన్నాడు.

మరునాడు సమాధి దగ్గర చర్చి అయ్యగారు ప్రార్థన ముగించాక నలుగురూ నాలుగు మంచి మాటలు చెప్పారు. నాతోపాటు బడిలో పనిచేసి రిటైరైన ఒకాయన "చదువు లేకపోయినా మంచి మనిషి" అన్నాడు. చాలామంది తలలూపారు. నేను ఊపలేదు. అక్కడ వాదించడం బాగుండదని ఊరుకున్నాను గానీ ఆ మాట ఒప్పుకోను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన పని గనిలో పైకప్పుకు దన్ను పెట్టడం. బొగ్గు తీసినచోట పైన బండ మిగులుతుంది. మిగతావాళ్లు కిందికి రాకముందే ఈయన పోయి, ఆ బండ ఎక్కడ నమ్మదగినదో, ఎక్కడ దుంగ నిలపాలో, ఎక్కడ బోల్టు దించాలో తేల్చాలి. మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు గడపలో ఆగి, ముందు ఇంటి పైకప్పు చూసి తర్వాత మమ్మల్ని చూశాడు. మా ఆవిడ బూజు చూస్తున్నాడనుకుని సిగ్గుపడి మరునాడే ఇల్లంతా దులిపింది. అది తెలిసి, "బూజు కోసం చూడలే చెల్లె. బూజు మీద పడితే ఎవలకు దెబ్బ తాకది" అన్నాడు. షిఫ్టు దిగి వచ్చాక చాలాసేపు ఆరుబయట మంచం మీదే కూర్చునేవాడు. లోపలికి పిలిస్తే "జర ఆగుండ్రి, నెత్తి మీద ఏం లేకుంట కూసోనియ్యుండ్రి" అనేవాడు.

నేను తొమ్మిదో తరగతికి భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. ఆయన బిడ్డ నా క్లాసులోనే ఉండేది. పుస్తకంలో లేకపోయినా ఒకరోజు ప్రకృతిలోని నాలుగు బలాల గురించి చెప్పాను. పరమాణువు నడుమ ఉండే కేంద్రకాన్ని కట్టి ఉంచే బలం అన్నిటికంటే పెద్దది. తర్వాతది విద్యుత్తు, అయస్కాంతాల బలం. ఆ తర్వాత కొన్ని కేంద్రకాలను మార్చేసే బలం. అట్టడుగున గురుత్వాకర్షణ. నేల మీది గుండుసూదిని చిన్న అయస్కాంతంతో లేపి చూపించాను.

"భూమంత ఒకదిక్కు గుంజుతుంది. ఇది ఇంకోదిక్కు. ఎవలు గెలిచిండ్రు?"

"అయస్కాంతం" అన్నారు పిల్లలు.

వారం తర్వాత పరీక్షలో నాలుగింటిలో బలహీనమైనది ఏదని అడిగాను. ఆ పిల్ల "గురుత్వాకర్షణ బలహీనం కాదు" అని మొదలుపెట్టింది. సున్న చుట్టాను. ఎవరు చెప్పారని క్లాసులో అడిగితే "మా బాపు" అంది. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వి, "అయితే మీ బాపునే వచ్చి పాఠం చెప్పుమను" అన్నాను.

మరునాడు పొద్దటి షిఫ్టు దిగి, స్నానం చేసి, చర్చికి వేసుకునే తెల్ల చొక్కాతో నిజంగానే వచ్చాడు. ఆఖరి పీరియడు. నేరుగా క్లాసులోకే వచ్చాడు.

"సారూ, గా సున్న నాకు పెట్టుండ్రి. ఆమె రాసింది నా మాట."

"అన్నా, లెక్క అట్లుంది. కేంద్రకంల రెండు నలుసులు తోసుకునే విద్యుత్ బలం ముందు, వాటి నడుమ గురుత్వాకర్షణ ఎంత చిన్నదో చెప్పాల్నంటే ఒకటి పక్కన ముప్పై ఆరు సున్నలు పెట్టాలె."

"గన్ని సున్నలు అక్కడ పెట్టినంక ఇంకోటి నా బిడ్డకెందుకు సారూ?"

పిల్లలు ఈసారి నన్ను చూసి నవ్వారు.

"ఆమె కింద ఇంకేం రాసిందో సదివిండ్రా?"

చదవలేదు. కాగితాల కట్టలోంచి తీసి అక్కడే చదివాను. "బండను పట్టి ఉంచే బలం పెద్దదే. కానీ పగులు పడితే ఆ పట్టు పోతుంది. బరువు పోదు."

రాతి రేణువులను కలిపి ఉంచేది విద్యుత్ బలమే. ఆనుకుని ఉన్నంతసేపు దానికి ఎదురు లేదు. వెంట్రుకంత సందు పడితే చాలు, ధనమూ రుణమూ ఒకదాన్నొకటి చెరిపేసుకుని ఆ పట్టు లేనట్టే అవుతుంది. కేంద్రకంలోని రెండు బలాలూ కేంద్రకం దాటి రావు. గురుత్వాకర్షణను చెరిపేసేది మాత్రం ఏదీ లేదు. నలుసు నలుసుదీ కలుస్తూ పోతుంది. ఇదంతా నాకు తెలిసిందే. పిల్లల ముందు ఒప్పుకోవడానికి మనసు రాలేదు.

"సరే, అర మార్కు వేస్తా" అన్నాను.

"అర వద్దు. తప్పైతే తప్పనుండ్రి, ఒప్పైతే ఒప్పనుండ్రి."

నా జవాబు కోసం ఆగకుండా, మూలన ఉన్న జెండా కర్ర అందుకుని స్లాబును తట్టాడు. కంగుమంది. "గిది పట్టున్న చప్పుడు" అన్నాడు. నాలుగడుగులు జరిగి కిటికీ వైపు తట్టాడు. డొల్లగా మోగింది. మళ్లీ తట్టి, చెవి అటు పెట్టి విన్నాడు. ముఖం మారింది. సరిగ్గా దాని కింద, రెండో బెంచీ మీద ఆయన బిడ్డ, మరో ముగ్గురు ఆడపిల్లలు కూర్చున్నారు.

"ఈడ పెచ్చు పట్టు ఇడిసింది. పుస్తకాలు ఆడనే ఉండనియ్యుండ్రి. అందరు బయటికి నడువుండ్రి" అన్నాడు మెల్లగా.

పిల్లలంతా బయటికి రావడం చూసి బడి పెద్దసారు వచ్చాడు. వేసవిలోనే సున్నం వేయించామని, ఇంజనీరు చూసి సంతకం పెట్టాడని, ఇది బడి గానీ బొగ్గుబాయి కాదని అన్నాడు.

"గా సంతకం సంగతి పెచ్చుకేం ఎరుక సారూ?"

"ఉన్నదాన్ని ఎందుకు కదిలిస్తవ్? ఊడినప్పుడు చూద్దాం."

"మా బాయిల ఊడేదాక చూడం. డొల్ల దొరికితే మేమే కూలుస్తం. టైము దాన్ని పెట్టుకోనియ్యం."

బడి తోట పనికి ఉంచిన గడ్డపార తెచ్చుకున్నాడు. తాకితే కేసు పెడతానన్నాడు పెద్దసారు.

"పెట్టుండ్రి. గా పెచ్చు కింద మాత్రం ఎవల బిడ్డనూ కూసోపెట్టనియ్య."

"మీరన్నా చెప్పండి" అని పెద్దసారు నావైపు తిరిగాడు. అన్నేళ్ల సర్వీసులో ఆయన మాటకు నేను ఎదురు చెప్పింది లేదు.

"కూల్చనియ్యండి సార్" అన్నాను.

పెచ్చు కింద కాకుండా పక్కకు నిలబడి, గడ్డపార మొన పైకి పెట్టి ఒక్క పోటు పొడిచాడు. చాపంత పెచ్చు ఒకే పలకగా రెండో బెంచీ మీద పడింది. బెంచీ విరిగింది. దుమ్ము అణిగాక పైన తుప్పుపట్టిన ఇనుప చువ్వలు కనిపించాయి. పెద్దసారు వెళ్లిపోయాడు.

నేను కాగితం తీసి సున్న కొట్టేయబోయాను.

"ఉండనియ్యుండ్రి సారూ. మీరు అడిగినదానికి ఆమె జవాబు రాయలే. అడగాల్సింది మీరే అడగలే."

బోర్డు ఆవరణలోకి తెప్పించి, అడగాల్సింది రాశాను: అన్నిటికన్నా బలహీనమైన బలం బండను ఎట్లా కూలుస్తుంది? పిల్లలు మట్టిలో వరుసగా కూర్చుని, నోటు పుస్తకాలు మోకాళ్ల మీద పెట్టుకుని రాయసాగారు. ఆయన క్లాసు గుమ్మానికి అడ్డంగా గడ్డపార పట్టుకుని నిలబడ్డాడు. తల మీద, తెల్ల చొక్కా మీద దుమ్ము. మిగిలిన స్లాబు చూసేదాకా ఎవరినీ లోపలికి పోనివ్వనన్నాడు. పిల్లలు రాస్తూ రాస్తూ తలెత్తి చూస్తున్నారు. బోర్డు వైపు కాదు.