రెండు కేబుళ్లు, ఒకే పైపు

సరిహద్దు పోస్టుకు చేరేసరికి మంచు పడుతోంది. వీపున కిట్టు, చేతిలో స్విచ్ ఉన్న పెట్టె. చివరి ఎత్తు నడిచే ఎక్కాలి. కాజీపేట ఎండల్లో పెరిగినవాణ్ని, నాలుగడుగులకే ఊపిరి అందలేదు. సరిహద్దులో ఏం చేశావని ఇప్పుడు వరంగల్‌లో ఎవరడిగినా తుపాకీ కథ వినాలనుకుంటారు. నాది కేబుళ్ల కథ.

ఆర్డరు ఒకటే. పై బంకర్లోని స్విచ్‌కూ, కింది బంకర్లోని సర్వర్‌కూ మధ్య రెండు కేబుళ్లు వేసి ఒకే లైనుగా కలపాలి. స్విచ్ అంటే పోస్టులోని ఫోన్లన్నీ వచ్చి చేరే డబ్బా. సర్వర్ దాటితేనే ఇంటికి మాట. అంతకుముందు ఒక్క కేబులే ఉండేది. అది తెగితే పోస్టంతా మూగబోయేది. రెండుంటే ఒకటి తెగినా రెండోది పనిచేస్తుంది.

కేబుల్ వేసింది మా లైన్‌మన్. డోర్నకల్ కుర్రాడు. వాళ్ల నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్. పట్టాలు వంకర పోకుండా చూసే మనిషి. కొడుకు కేబుళ్లను కూడా పట్టాల్లాగే వేసేవాడు. సైన్యంలో బూట్లయినా, మంచాలైనా, కేబుళ్లయినా వరుస తప్పకూడదు. రెండింటినీ జతచేసి, జానెడుకో కట్టు కట్టి, ఒకే పైపులో దూర్చాడు. సుబేదార్ సాబ్ చూసి, "శాబాష్! ఏక్‌దమ్ సీదా!" అన్నారు. మాకూ ముచ్చటేసింది. ఒక్క స్విచ్‌లోనే సెట్టింగ్ చేస్తే రెండు కేబుళ్లూ ఒకే లైనుగా కలవవు, రెండు వైపులా ఒప్పుకోవాలి. సర్వర్‌లోనూ చేశాను. రెండు పచ్చ లైట్లు వెలిగాయి.

సాయంత్రం టీ దగ్గర లైన్‌మన్ అన్నాడు.

"అన్నా, రేపు బాపుకు గుండె ఆపరేషన్. వరంగల్ దవాఖానల ఉన్నడు. పది గంటలకు లోపలికి తీస్కపోతరట. అంతకుముందే నాతోని మాట్లాడుతనంటాండట."

చెప్పకుండా సైన్యంలో చేరాడని ఆయన రెండేళ్లుగా కొడుకుతో మాట్లాడలేదు.

"ఫికర్ చెయ్యకు తమ్మీ. ఒకటి తెగినా ఇంకోటుంటది," అన్నాను.

పొద్దున తొమ్మిదిన్నరకు కొండ మీంచి బండ జారి సరిగ్గా పైపు మీద పడింది. రెండు లైట్లూ ఒక్కసారే ఆరిపోయాయి. వాకీటాకీలో వాడి గొంతు వినిపించింది. "అన్నా, రెండూ పోయినయ్. ఒక్క కాడనే తెగినయ్."

మంచులో మోకాళ్ల మీద కూర్చుని, గ్లవ్స్ తీసేసి అతికించాం. లైన్ వచ్చేసరికి పదకొండు దాటింది. అవతల ఫోనెత్తింది వాళ్లక్క. పక్కనున్న నాకూ వినబడింది.

"బాపును తీస్కపోయిండ్రు తమ్మీ. నీ ఫోనొస్తదని స్ట్రెచర్ మీద గూడ సెల్లు ఇడిసిపెట్టలే. నర్సమ్మ గుంజుకున్నది."

ఆయన థియేటర్ నుంచి బతికి రాలేదు. దారి మంచుతో మూసుకుపోయింది. కొడుక్కి చివరి చూపు కూడా దక్కలేదు.

ఒక కేబుల్‌ను బండల వెనక నుంచి తిప్పి ఉంటే ఎంత బాగుండేదో. ఆ రోజు మాలో ఎవరికీ ఆ ఆలోచనే రాలేదు. పని అంత అందంగా కనబడింది మరి.

పోస్టింగ్ ముగిశాక ఇద్దరం ఒకే రైల్లో వచ్చాం. నేను కాజీపేటలో దిగుతుంటే వాడు తలుపు దగ్గరికి వచ్చాడు. "ఇంట్లకు పోంగనే ఏమనాల్నో తెలుస్తలేదన్నా," అన్నాడు. రైలు డోర్నకల్ వైపు కదిలిపోయింది.

కళ్లముందు నుంచి పోనిది ఒకటే. నాన్న పోయిన మర్నాడు వాడు కేబుల్ చుట్ట భుజాన వేసుకుని, పైపు వదిలేసి, బండల వెనక నుంచి ఒక్కడే రెండో లైన్ వేశాడు. సుబేదార్ సాబ్ చూస్తూ నిలబడ్డారు. తెల్లటి మంచు మీద నల్లగా, కట్టు లేకుండా, వంకరటింకరగా ఆ కేబుల్. వాడి చేతిలో వరుస తప్పింది అదొక్కటే.