వాగు ఒడ్డున పసుపు తీగ

మా ఎదురింటి పెద్దమ్మ పోయిందని కోరుట్లలోని మా ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. జగిత్యాలలో మా ఆఫీసు మెట్ల మీదే కూర్చున్నాను. మెట్ల పక్కన కుండీల్లోంచి జారి ఆ పసుపు పూల తీగ నేలంతా పాకుతోంది. ఆ తీగ గురించి మా వాడకు చెప్పాల్సిన నిజం ఒకటి ఆమె బతికుండగా నేను చెప్పలేదు.

పెద్దమ్మ బీడీలు చుట్టేది. ఒళ్లో చాట, నోట్లో మాట, రెండూ ఆగేవి కావు. సాయంత్రం వాగు ఒడ్డున పొన్నగంటి కూర తెంపుకొచ్చి, అడగకుండానే మా గిన్నెలో ఇంత పెట్టేది. "పప్పుల వెయ్యి బిడ్డా, కండ్లకు మంచిది," అనేది.

ఒక ఏడు బతుకమ్మకు తంగేడు దొరకలేదు. ఆఫీసులోని తీగను సంచీ నిండా తెంపుకొచ్చి పెద్దమ్మకు ఇచ్చాను. కాడలు పొట్టివి, పూలు నిలవడం లేదు. "తీగతోనే చుట్టెయ్ పెద్దమ్మా," అన్న సలహా కూడా నాదే. ఆ ఏడు వాడలో అందరికంటే ఎత్తు ఆమె బతుకమ్మే. ఎంత మురిసిపోయిందో! ఆఖరి రోజు, సద్దుల నాడు పాడుకుంటూ పోయి వాగులో వదిలాం.

ఆ తీగ కణుపు కణుపుకూ వేరు పోసుకుంటుందని మాకేం తెలుసు! రెండు వానాకాలాలు గడిచేసరికి ఒడ్డంతా పసుపే. దాని కింద పొన్నగంటి జాడ లేదు. ఆ కూర తెంపి అంగట్లో అమ్ముకునే అక్క, "ముసల్దానివి, నీ షోకు కోసం మా నోటికాడి కూర తీస్తివి," అని పెద్దమ్మను ముఖం మీదే తిట్టింది. నేను పక్కనే ఉన్నాను. పెద్దమ్మ నా వైపు చూడను కూడా చూడలేదు.

తర్వాత ఇంట్లో నేను ఏడిస్తే, "నిన్నెందుకు అనిపియ్యాలె? పేర్చింది నేనే గద బిడ్డా," అంది.

అప్పటినుంచి ప్రతి ఆదివారం కొంగు నడుముకు చుట్టుకొని తీగ పీకడానికి పోయేది. "అస్తవా బిడ్డా?" అని మా గుమ్మం ముందు ఆగేది. "వచ్చే వారం పెద్దమ్మా," అనేదాన్ని. ఎన్ని వచ్చే వారాలో! "పీకింది నీళ్లల్ల ఎయ్యద్దు. బండ మీద ఎండబెట్టాలె. దీని పానం గట్టిది," అని చెప్పి ఒక్కతే పోయేది.

పదకొండో రోజు కర్మలో అందరి ముందూ చెప్పాను, ఆ తీగ తెచ్చింది నేనని. కూరలమ్మే అక్క నా ముందుకు వచ్చింది. "గీ మాట ఆమె ఉన్నప్పుడు చెప్తే ఏం పోతుండె?" అంది.

ఆ ఆదివారం వాగుకు పోయాను. పెద్దమ్మ శుభ్రం చేసిన చోట, చాపంత నేలలో పొన్నగంటి చిగుళ్లు కనిపించాయి. వాటి పక్క నుంచి మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా పీకి, ఆ తీగను ఆమె చెప్పిన బండ మీద పరిచాను. ఆమె చివరిసారి పరిచింది అక్కడే ఎండి నల్లబడి ఉంది. నేను పరిచిన దానికి పూలు ఇంకా విచ్చుకొనే ఉన్నాయి.