మొఖానికి ఏం పెడ్తున్నరు?

రజిత పార్లర్‌లో ట్యూబ్‌లైట్ ఉంది. పగలు వెయ్యదు. ఆ వెలుతురులో అందరి ముఖాలూ ఒకేలా ఉంటాయని ఆమె ఫిర్యాదు. అద్దాన్ని తూర్పు కిటికీ పక్కన పెట్టుకుంది. వచ్చినవాళ్లను ముందు అక్కడ నిలబెడుతుంది. గడ్డం పట్టుకుని ముఖం ఇటు తిప్పుతుంది, అటు తిప్పుతుంది. తర్వాత అడుగుతుంది.

"మొఖానికి ఏం పెడ్తున్నరు?"

అందరూ ఒకటే చెబుతారు. ఏమీ పెట్టం, ఒట్టి నీళ్లు. సబ్బు కూడా ముట్టనని కాంతమణి అంటుంది. అంటున్నప్పుడు ఆమె చెవి దగ్గర క్రీము తెల్లగా మిగిలే ఉంటుంది. రజిత దాన్ని చూస్తుంది. పని మొదలుపెడుతుంది.

అల్వాల్‌లో ఆ వీధి ఆడవాళ్ల అలవాటు అది. ముఖం బాగుపడితే కారణం చెప్పరు. చెబితే దిష్టి తగులుతుందని కొందరు. చెబితే పక్కింటావిడ కూడా కొనుక్కుంటుందని కొందరు.

రజిత ఈ పని నేర్చుకున్నది రాంగోపాల్‌పేట్‌లో, పెళ్లికి ముందు. పెద్ద పార్లర్. గోడ నిండా అద్దాలు, అరల్లో విదేశీ సీసాలు. ఒకరోజు పొద్దున కాస్త తొందరగా వెళ్లింది. యజమానురాలు నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, బకెట్లోని క్రీమును గరిటెతో ఆ సీసాల్లోకి ఎత్తుతోంది. రజితను చూసి ఆపలేదు. మూతలు అందించమంది. రజిత అందించింది.

ఆ తర్వాత ఆమె దేన్నీ ఊరికే నమ్మలేదు. ఇంటి ముందు గదిలో సొంత పార్లర్ పెట్టాక ప్రతి సీసా సీలునూ వచ్చినవాళ్ల కళ్ల ముందే తీస్తుంది. కొత్త సరుకైతే ముందు తన చెవి వెనక రాసుకుని చూస్తుంది. ఖాళీ ట్యూబును కత్తెరతో నిలువునా చీల్చి గానీ చెత్తలో వెయ్యదు. ఎవరో ఏరుకుపోయి మళ్లీ నింపి అమ్ముతారని.

"నన్ను చేస్కునేటప్పుడు చెవెన్క రాస్కొని చూస్తే అయిపోతుండె," అంటాడు భర్త యుగంధర్.

"గప్పుడు గంత తెలివి లేకుండె," అంటుంది రజిత.

అతను మిలిటరీలో చేసి వచ్చాడు. ఇప్పుడు తిరుమలగిరిలో ఒక అపార్ట్‌మెంట్‌కు సెక్యూరిటీ సూపర్‌వైజర్. మిలిటరీ అలవాట్లు పోలేదు. టూత్‌పేస్ట్ అయినా, మందు అయినా ట్యూబును అడుగు నుంచి బిగుతుగా చుట్టుకుంటూ వచ్చి, చుట్టిన చోట కాగితాల క్లిప్పు పెడతాడు. ఆ ఇంట్లో అనుమానం లేనివి మిలిటరీ సరుకులే. క్యాంటీన్ సబ్బు, క్యాంటీన్ టీపొడి, మిలిటరీ దవాఖానలో రాసిచ్చిన మందులు. యుగంధర్ తల్లి శ్యామలమ్మ 'మిలిటరీది' అంటే ఇక చర్చ లేదు. వాటిని రజిత కూడా ఎన్నడూ చెవి వెనక రాసుకుని చూడలేదు.

శ్యామలమ్మ వరండాలో గ్రిల్లు పక్కన స్టూలు వేసుక్కూర్చుంటుంది. ఒళ్లో ఎప్పుడూ ఏదో ఒక కూర. వంతు కోసం ఆగినవాళ్లతో మాట్లాడుతుంది. వాళ్లు ముఖానికి ఆవిరి పట్టించుకోవడం ఆమెకు నవ్వులాట. జొన్నరొట్టెలు చేసిన రోజుల్లో ఆ ఆవిరి తమకు పొయ్యి దగ్గరే దొరికేదని అంటుంది.

శ్రీలలిత ఆ వీధికి కొత్త. వాళ్లది కాకినాడ వైపు. భర్త పృథ్వీ ఉద్యోగం వల్ల ఇక్కడికి వచ్చారు. ఆమె ఇంటి నుంచే పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతుంది. రోజంతా తెర మూలన తన ముఖం తనకే కనబడుతూ ఉంటుంది. ముక్కు మీద, బుగ్గల మీద రంధ్రాలు పెద్దవి. నారింజ తొక్కను దగ్గరగా చూసినట్టు ఉంటాయి. మీ ముక్కు మీద ఆ చుక్కలేంటి మిస్ అని క్లాసు మధ్యలో ఒక పిల్ల అడిగిందట. ఆ సంగతి రజితకు నవ్వుతూనే చెప్పింది. అద్దంలో ఆమె కళ్లు నవ్వలేదు.

"అవి పోవు మేడం," అంది రజిత. "తక్కువ కనబడేటట్టు చేస్కోవచ్చు. గంతే."

ఆవిరి పడితే తెరుచుకోవడం, ఐసు పెడితే మూసుకోవడం ఉత్త మాటలని చెప్పింది. చక్కెర, నిమ్మకాయ వేసి తోమవద్దంది. గోళ్లతో నొక్కవద్దంది. మెత్తగా కడుక్కుని, ఇంట్లో ఉన్నా ఎండ క్రీము రాసుకుని, నెలల తరబడి ఓపిక పట్టమంది. శ్రీలలిత తల ఊపింది. మెయిన్ రోడ్డు మీద ఇంకో పార్లర్ ఉంది. పోర్స్ మాయం అని వాళ్లు బోర్డే పెట్టారు. రజిత చెప్పినదాంట్లో మాయం అనే మాట లేదు.

వానలు పడ్డాక శ్రీలలిత ముఖం మారింది. ఒలిచిన గుడ్డులా నున్నగా అయింది. ముక్కు మీద రంధ్రాలు వెతికినా కనబడటం లేదు. ఫేషియల్స్ మానేసింది. కనుబొమ్మలకు మాత్రమే వస్తోంది. రజిత కిటికీ దగ్గర నిలబెట్టి చాలాసేపు చూసింది. అడిగింది.

ఒట్టి నీళ్లే అంది శ్రీలలిత.

మెయిన్ రోడ్డు పార్లర్‌కు పోతోందని రజిత అనుకుంది. కూరగాయలకు వెళ్లినప్పుడల్లా చుట్టు తిరిగి ఆ దారినే నడిచింది. శ్రీలలిత స్కూటీ అక్కడ ఎన్నడూ లేదు. అది ఇంకా అనుమానంగా తోచింది. ఇంకొకటి కూడా చూసింది. కనుబొమ్మలు అయ్యాక శ్రీలలిత వెంటనే పోవటం లేదు. వరండాలో శ్యామలమ్మ పక్కన కూర్చుంటోంది. రజిత బయటికి వస్తే ఇద్దరూ మాటలు ఆపుతున్నారు. అత్త తన మీద చాడీలు చెబుతోందనుకుంది. ఆ రోజుల్లోనే యుగంధర్ తన కాలి తామరకు తెచ్చుకున్న మందు కనబడటం లేదని ఇల్లంతా వెతికాడు. డ్యూటీలోనే ఎక్కడో పెట్టి మరిచాడని రజిత గట్టిగా అంది. అతను మళ్లీ తెచ్చుకున్నాడు.

ఒకరోజు శ్రీలలిత హడావుడిగా వచ్చింది. కంపెనీవాళ్లు వీడియో తీస్తారట, ముఖం బాగా దగ్గరగా. చెంపల పక్క సన్న వెంట్రుకలు వాక్స్‌తో తీసెయ్యమంది. రజిత అడిగింది.

"నిజం చెప్పున్రి. మొఖానికి ఏమన్న పెడ్తున్నరా?"

"ఏమీ రాయనండీ. ఒట్టి నీళ్లే."

రజిత నమ్మలేదు. కానీ ఆమె ఎవరి జవాబునూ నమ్మేది కాదు. నమ్మకుండానే పని చేయడం అలవాటైపోయింది. వాక్స్ పూసింది. గుడ్డపట్టీ అద్ది, గుంజింది.

వెంట్రుకలతో పాటు చర్మం వచ్చింది.

శ్రీలలిత అరవలేదు. చెంప మీద చెయ్యి పెట్టుకుని, చెయ్యి తీసి, అద్దంలో చూసుకుంది. రజిత చల్లటి నీళ్లలో తడిపిన బట్ట ఇచ్చింది. దాన్ని పట్టుకునే వెళ్లిపోయింది.

సాయంత్రానికి ఎర్రటి చెంప ఫోటో వీధి ఆడవాళ్ల ఫోన్లన్నిటిలోనూ ఉంది. మరునాడు కాంతమణి వచ్చింది, కనుబొమ్మల కోసం కాదు. గడపలో నిలబడి వాక్స్ డబ్బా వైపు చూసింది.

"రజిత కాడికి పోతె తోలు తీస్తదంటున్నరు," అని నవ్వింది. కూర్చోమంటే కూర్చోలేదు.

ఆ గదికి బోర్డు లేదు. ఇన్నేళ్లుగా పేరు మీదే నడిచింది. ఆమె చెయ్యి మంచిదన్న పేరు. ఇప్పుడు గేటు దాకా వచ్చినవాళ్లు శ్యామలమ్మతో రెండు మాటలు మాట్లాడి వెనక్కి పోతున్నారు. పండగకు వస్తామన్నవాళ్లు ఫోను ఎత్తటం లేదు. రజిత వాక్స్ డబ్బాను వెలుతురులో తిప్పి చూసింది. వాసన చూసింది. అదే వాక్స్ తన చెంపకు పూసుకుని, కిటికీ ముందు నిలబడి గుంజుకుంది. ఏమీ కాలేదు. తప్పు వాక్స్‌లో లేదు, చేతిలో లేదు. ఆ ముఖం మీద ముందే ఏదో ఉంది. ఆ మాట చెబితే తప్పించుకోవడానికి అంటోందనుకుంటారు. ఎవరైనా అలాగే అనుకుంటారు. తనూ అలాగే అనుకునేది.

తర్వాతి వారం శ్రీలలిత వచ్చింది. చెంప మీద చెక్కు కట్టింది. ముఖమంతా కందిపోయి ఉంది. లోపలికి వచ్చి, సంచిలోంచి ఒక ట్యూబు తీసి అద్దం ముందు పెట్టింది. అడుగు నుంచి బిగుతుగా చుట్టి ఉంది. చుట్టిన చోట కాగితాల క్లిప్పు.

రజిత దాన్ని ముట్టుకోలేదు.

"ఇది మీ ఇంట్లోదే కదండీ," అంది శ్రీలలిత. గొంతు పెంచలేదు. చర్మం డాక్టరు ఏవేవి రాస్తున్నావో అన్నీ తెమ్మన్నాడట. ఇది చూసి తల పట్టుకున్నాడట. తామర మందు, ఇందులో స్టెరాయిడ్ ఉంటుంది, ముఖానికి రాస్తే మొదట నున్నగా చేస్తుంది, లోలోపల చర్మాన్ని పలచబరుస్తుంది అన్నాడట. "మీ అత్తగారు ఇచ్చారు. మీకు చెప్పొద్దన్నారు. ఆవిడ ఇస్తే మీకు తెలీదా? మీరు పంపకుండా ఆవిడ ఇస్తారా?"

"నాకు తెలువదు."

"నన్ను మాత్రం వచ్చినప్పుడల్లా అడిగేవారు, ఏం రాస్తున్నారని."

రజిత ట్యూబు తీసుకుని వరండాలోకి వెళ్లింది. శ్యామలమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ట్యూబును చూసి చేతులు ఆపింది.

"ఎందుకిచ్చినవ్ అత్తమ్మా?"

"ఏడ్చింది బిడ్డ. చున్నీ కప్పుకోని గీడ కూసోని ఏడ్చింది. మిలిటరీది గదా, మంచిదే ఉంటదని ఇచ్చిన. నీకు తెలిస్తె ఫేషియల్ పాయెనని లొల్లి చేస్తవని చెప్పద్దన్న." ఒళ్లోని ఈనెలు దులుపుకుంది. "నాకైతె మంచిగనే పనిచేసింది."

"నీకా? ఏడ పెట్టుకున్నవ్?"

శ్యామలమ్మ చిక్కుడుకాయ వైపు చూస్తూ ఉంది.

రజిత ఆమె చెయ్యి పట్టి లేపింది. గదిలోకి తీసుకొచ్చి కిటికీ దగ్గర నిలబెట్టింది. గడ్డం పట్టుకుని ముఖం వెలుతురుకు తిప్పింది. బుగ్గల మీద చర్మం ఉల్లిపొరలా ఉంది. కింద సన్నటి ఎర్ర గీతలు, నూలుపోగులు తెగి పడ్డట్టు. వీధిలో ప్రతి గడ్డాన్నీ పట్టి చూసింది రజిత. ఈ గడ్డాన్ని పట్టుకోవడం ఇదే మొదలు.

"ఎప్పటి సంది?"

"పోయినేడు సంది." శ్యామలమ్మ అద్దం వైపు చూడలేదు. "నా మొఖం మీద గుంటలు లెవ్వా? లోపలికి పొయ్యినోళ్లందరు మెరుసుకుంట బయటికొస్తరు. ఇన్నేండ్లల్ల ఒక్కపాలి నన్ను గా కుర్చీల కూసోమన్నవా?"

శ్రీలలిత గుమ్మంలో నిలబడి ఉంది. ముసలామె బుగ్గల వైపు చూస్తోంది. తన చెంప మీదికి చెయ్యి పోయింది.

"ఆవిడ కూడా రాసుకున్నారా?" అంది.

"చూస్తున్నరు గదా."

"ఇచ్చింది నేనేనని అందరికి చెప్త," అంది శ్యామలమ్మ.

"అత్త చేసిందంటె ఎవలు నమ్ముతరు? నేనైతె నమ్మ," అంది రజిత. కత్తెర తీసి ట్యూబును నిలువునా చీల్చింది. అందులో ఇంకా మందు ఉంది.

శ్రీలలిత నమ్మిందో లేదో తెలియలేదు. డాక్టరు పేరు మాత్రం చెప్పి వెళ్లింది.

మందు ఆపాక శ్యామలమ్మ ముఖం మండింది. పొట్టు రాలింది. రంధ్రాలు ఉన్నచోటే మళ్లీ కనబడ్డాయి. రజిత పార్లర్ ఖాళీగా ఉండే మధ్యాహ్నాలు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, డాక్టరు రాసిచ్చిన తెల్ల క్రీము వేళ్ల కొసలతో అద్దేది. అద్దే ముందు దాన్ని తన చెవి వెనక రాసుకుని చూసింది. యుగంధర్ కొత్త ట్యూబును ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నాడు.

శ్యామలమ్మ ముఖం దాచుకోలేదు. స్టూలును గేటు పక్కకు జరుపుకుంది. ఎవరు వచ్చినా ముందు ఆపుతుంది. కొంగు తీసి బుగ్గ చూపిస్తుంది.

"చూడు. ఏం పెడ్తలేనని చెప్పి పెట్టుకున్న మొఖం గిది. నువ్వేం పెడ్తున్నవో లోపట చెప్పు, లేకుంటె గిట్లనే మర్రిపో."

కొందరు నిజంగానే మళ్లిపోయారు. మెయిన్ రోడ్డు పార్లర్‌లో అలాంటి ప్రశ్నలు లేవు. కోడలిని కాపాడుకోవడానికి ముసలామె వేషం వేస్తోందని కాంతమణి అంది. ఆ మాట చెప్పిన నాలుగు రోజులకు తనే వచ్చి కిటికీ దగ్గర నిలబడింది. తన క్రీము పసుపు డబ్బాలో దాస్తానని గోడ వైపు చూస్తూ చెప్పింది. రజిత తెమ్మంది. తెచ్చింది. పేరు లేని డబ్బా. రజిత దాన్ని వాసన చూసి, మూత పెట్టి, డాక్టరుకు చూపించమని పంపింది.

వచ్చేవాళ్లు మునుపటిలో సగం లేరు. పేరు తిరిగి వచ్చిందని చెప్పలేం.

చలి మొదలయ్యాక ఒక పొద్దున గేటు దగ్గర శ్రీలలిత గొంతు వినబడింది. శ్యామలమ్మ ఆమెను ఆపలేదు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. శ్రీలలిత లోపలికి వచ్చి, చెప్పకుండానే కిటికీ దగ్గర నిలబడింది. చెంప మానింది. ముక్కు మీద, బుగ్గల మీద రంధ్రాలు అన్నీ అక్కడే ఉన్నాయి.

"మొఖానికి ఏం పెడ్తున్నరు?"

శ్రీలలిత ఊపిరి తీసుకుంది. డాక్టరు రాసిన ఫేస్‌వాష్ అంది. ఎండ క్రీము అంది. మొన్న వాళ్లమ్మ వచ్చి బలవంతపెడితే ఒకసారి పెసరపిండి అంది.

"నిజమే చెప్తున్నది పో," అని గేటు దగ్గర నుంచి శ్యామలమ్మ అంది.

రజిత ఆమె గడ్డం వదల్లేదు. ముఖాన్ని వెలుతురుకు ఇంకొంచెం తిప్పింది.

"ఇంకా?" అంది.