రానివాళ్లకు వేసిన సున్నాలు

చేసిన పనిని మరవనివ్వకుండా, మరవలేని మనిషిని విడిచిపెట్టకుండా ఇన్నేళ్లు నన్ను నిలబెట్టిన ప్రభువుకు స్తోత్రం. ఆయన తీర్పు న్యాయమైనది. ఆయన ఓర్పు నాకు అర్థం కానంత పెద్దది.

తెల్లదొరల కాలంలో, యుద్ధం జరుగుతున్న రోజుల్లో, నేను మార్కాపురంలో మిషను వాళ్ల ట్రైనింగు స్కూల్లో టీచరు పనికి చదువుతున్నాను. మాది కొనకనమిట్ల వైపు ఒక ఊరు, ఆ ఊరి పక్కన కూలి చేసుకు బతికే క్రైస్తవుల పాలెం. మాకు మనస్తత్వశాస్త్రం చెప్పే అయ్యవారు మద్రాసులో చదివి వచ్చినవారు. పిల్లల తెలివిని కొలవవచ్చని, అందరికీ ఒకే ప్రశ్నలు, ఒకే సమయం ఇచ్చి, మార్కులన్నీ కూడి తలల సంఖ్యతో భాగిస్తే సగటు వస్తుందని, రెండు సగటులు పక్కపక్కన పెడితే ఏ గుంపు ఏపాటిదో తెలుస్తుందని చెప్పారు. నాకది దేవుని వాక్యమంత నిజంగా తోచింది.

ఆ ఏడు మా పాలెం బడిలో ఐదో తరగతి పెట్టాలా వద్దా అని మిషను కమిటీ ఆలోచిస్తోంది. పెట్టకపోతే నాలుగులో ఉన్న మా చెల్లెలి చదువు అంతటితో సరి. పరీక్ష పెట్టి తేలుస్తానని అయ్యవారు కమిటీకి మాటిచ్చారు. ఊళ్లో రైతుల పిల్లల బడికి ఇంకొకరిని, పాలెం బడికి నన్ను పంపారు.

నేను వెళ్లిన రోజు కంది కోతలు. రిజిస్టరులో ముప్పై పేర్లు, బడిలో పదమూడు మంది. మిగతావాళ్లు చేలల్లో ఉన్నారు, మా చెల్లెలితో సహా. ఇంకో రోజు పెడదామని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఉన్నవాళ్లకే ఇరవై ప్రశ్నలు ఇచ్చాను. ముల్లు లేని గడియారం బొమ్మ చూపి ఇందులో ఏం లేదో చెప్పమంటే, ఒక పిల్ల "మా ఇంట్లోనైతే ఇదే లేదక్కా" అంది. తప్పు అని వేశాను.

తిరిగొచ్చి పట్టిక రాశాను. రానివాళ్ల గడులు ఖాళీగా వదిలాను. గడి ఖాళీగా ఉంటే పట్టిక చెల్లదని, సున్నా వెయ్యమని అయ్యవారు అన్నారు. పదిహేడు సున్నాలు వేశాను. ఒకటి నా చెల్లెలి పేరుకు ఎదురుగా. వచ్చినవాళ్ల వరకే చూస్తే సగటు పన్నెండు, ఊరి బడి కంటే ఒకటి ఎక్కువ. ముప్పైతో భాగిస్తే ఐదు చిల్లర.

పలక మీద రెండు లెక్కలూ వేసి ఆయన దగ్గరికి తీసుకుపోయాను. రానివాళ్లకు ఎన్ని వచ్చేవో మనకు తెలియదు గనక తెలియదనే రాయాలి కదా అన్నాను. ఆయన కోప్పడలేదు.

"ఎందుకు రాలేదమ్మా వాళ్లు? చదువు మీద మనసు లేకనే గదా. ఆ మనసు గూడా తెలివిలో భాగమే" అన్నారు. తర్వాత నవ్వి, "నీ పాలెమని మార్కులు కలుపుతున్నావా ఏంది?" అన్నారు.

తోటి అమ్మాయిలూ నవ్వారు. నా సర్టిఫికెట్టు మీద ఆయన సంతకం పడాలి. పలక తుడిచేసి, పట్టిక కింద నా పేరు రాశాను.

నెల తిరిగాక, నేను ఇంటికి వచ్చి ఉన్న ఒక ఆదివారం ఆరాధన ముగిశాక, పాదిరిగారు ఆ కాగితాన్ని మా సంఘం ముందు చదివారు. పాలెం పిల్లల తెలివి ఊరి పిల్లల తెలివిలో సగం కూడా లేదని, ఐదో తరగతి అక్కర్లేదని. పరీక్ష ఏ రోజు పెట్టారని ఒక్కరూ అడగలేదు. దొరలు కొలిచారంటే దేవుడే కొలిచాడనుకున్నారు. చివరి ప్రార్థనకు ఆమెన్ అన్న గొంతుల్లో మా నాయనదీ ఉంది.

ఇంటికొచ్చాక చెల్లెలు పొయ్యి దగ్గర కూర్చుని అడిగింది.

"నాకెన్ని మార్కులేసినావక్కా?"

"నువ్వు రాలేదు గదా."

"రాలేదు. నా పేరు కాడ ఏం రాసినావని?"

చెప్పాను.

"కంది కొయ్యను పోయినానని నీకు తెలీదా?"

తెలుసన్నాను. అది పొయ్యి వైపు తిరిగింది. పుల్లలు లోపలికి ఎగదోసింది.

నాకు సర్టిఫికెట్టు వచ్చింది. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. అబద్ధసాక్ష్యం పాపమని ఆదివారపు బడిలో పిల్లల చేత వల్లె వేయించాను. పాలెంలో ఐదో తరగతి పెట్టేసరికి మా చెల్లెలి కొడుకు బడికి పోతున్నాడు.

ఇప్పటికీ నేను వెళ్తే అన్నం పెడుతుంది, నా మోకాళ్ల నొప్పి సంగతి అడుగుతుంది. ఆ మాట మాత్రం ఎత్తదు. ఒకసారి నేనే ఎత్తితే, "పోనీలేక్కా, దేవుడున్నాడు గదా" అంది. అందులో క్షమించడం నాకు వినపడలేదు. నన్ను ఆయనకు అప్పజెప్పేసింది.

ఇది చదివే సహోదరులారా, సహోదరీలారా, నాకు మనశ్శాంతి ఇమ్మని అడగకండి. మా ఇద్దరిలో ఒకరు పోకముందే ఆమె నన్ను నోరారా తిట్టాలని, ఒక్క మాటకూ అడ్డు చెప్పకుండా నేను వినాలని, నాతో కలిసి ప్రార్థించండి.