తాత ఎడమ ముంజెయ్యి

సారపాకలో మా క్వార్టర్స్ ముందు ఒకతను కత్తులకు సాన పడుతున్నాడు. ఇనుము అరిగే ఆ వాసనకు తాత గుర్తొచ్చాడు.

మన గూడెం వాళ్ళకు యాదికుందా? మగవాళ్ళంతా వేటకెళ్ళే భూమి పండగ ముందు తాత బాణాల ములుకులన్నీ అరుగు మీద పరిచేవాడు. పిట్టలకు పనికొచ్చే సన్నవి పక్కన పెట్టి, అడవిపంది కోసం వెడల్పాటిదాన్ని ఎంచుకునేవాడు. తడి రాయి మీద నూరి, ఎడమ ముంజేతి వెంట్రుకలు గీకి పదును చూసేవాడు. పండగ పోయేదాకా ఆ చెయ్యి ఈకలు పీకిన కోడిలా ఉండేది. వేట దొరక్కుండా వచ్చిన మగవాళ్ళ మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లి ఎంత నవ్వేవాళ్ళు!

తర్వాత వేటకు వెళితే కేసులన్నారు ఫారెస్టు వాళ్ళు. మగవాళ్ళు మిల్లు పనులకు మళ్ళారు. ఆ ఏడు తాత ఒక్కడే ములుకు నూరుకుని వెళ్ళి, వట్టి చేతులతో తిరిగొచ్చి వీధి మధ్యలో నిలబడ్డాడు. గడపలో నేనొక్కదాన్నే ఉన్నాను.

"ఏంది బిడ్డా, పేడనీళ్ళు ఎవ్వలూ కలపలేదా?"

"లేదు తాతా. అందరు టీవీ చూస్తున్నరు."

పొడిగా ఉన్న చొక్కాను తడుముకుంటూ లోపలికెళ్ళి వింటి నారి విప్పేశాడు. మరుసటి పండగకు ఆయన ఎడమ చేతి నిండా తెల్ల వెంట్రుకలున్నాయి.